నిండని పలక

కొండచిలువ లోయలోకి ఆరు వందల మంది దిగారు. వెనక్కి వచ్చింది రెండు వందల డెబ్బై మంది.

లోపల ఏం జరిగిందో చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. రెండు వైపులా రాళ్ల సందుల్లోంచి బూడిద భటులు లేచారు. వాళ్లకు కత్తి దిగితే గాయం పూడిపోయింది. తల తెగితే మొండెం నడిచింది. తెలికొండ సైనికులు మాత్రం మనుషులు కాబట్టి తెగినవాళ్లు తెగినట్టే పడ్డారు. లోయ నడుమ ఏరు ఎర్రగా పారింది. ఇంత చంపుడులోనూ బూడిద భటుల్లో ఒక్కడూ ఏట్లో కాలు పెట్టలేదు. ప్రాణాలు దక్కించుకునే తొందరలో దాన్ని ఎవరూ గమనించలేదు. రేచన గమనించాడు.

పొద్దు వాలకముందే రాకుమారి కుందసాని లోయ మొగదల ఒక బండ మీద కూర్చుంది. ఆమె ఎడమ చెవి లోయలోనే ఉండిపోయింది. ఆ చోట పసరు పిండించుకుంటూ, "పలక తియ్యి తాతా," అంది.

రాజ్యానికి మంత్రి, ఎనభై ఏళ్ల సోమన ప్రెగడ వీపు మీది సంచీ విప్పి పలక తీశాడు.

తెలికొండ రాజ్యంలో పలక వెయ్యకుండా ఏ పనీ జరగదు. అద్దంలా నునుపెక్కిన నల్లరాతి పలక అది. చుట్టూ చండ్రకొయ్య చట్రం, చట్రం నాలుగు మూలలా వెండి హంసలు, హంసల కళ్లలో కెంపులు. రాతి మీద అడ్డంగా, నిలువుగా గీతలు చెక్కి ఉంటాయి. ఎడమ పక్కన వరసకొక దారి పేరు రాస్తారు. పైన వరసగా నాలుగు సంగతులు: దూరం, నీళ్లు, మరుగు, తిరుగుదారి. ఏ దారికి ఏ సంగతి ఎంత బాగుంటే ఆ గడిలో అన్ని గురివింద గింజలు వేస్తారు. సున్నా నుంచి అయిదు దాకా. అన్ని సంగతులూ ఒకటి కావు కనుక ఒక్కోదానికి ఒక్కో బరువు. దూరానికి రెండింతలు, నీళ్లకూ మరుగుకూ మూడేసి, తిరుగుదారికి నాలుగు. హెచ్చవేసి, అడ్డంగా కూడి, ఏ వరసకు ఎక్కువ వస్తే ఆ దారిన పోతారు. ఈ బరువులు కుందసాని ముత్తాత పెట్టాడు. వాటిని మార్చకూడదు. కొత్త గడి చెక్కకూడదు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా పలక చెల్లదు. పెళ్లికైనా, యుద్ధానికైనా, ఉరికైనా ఇదే పద్ధతి.

"లోయకు నలభై ఎనిమిది వచ్చింది," అన్నాడు సోమన ప్రెగడ, ఆ వరసలోని గింజలు ఊడ్చేస్తూ. "లోయ పోయింది. తరవాతది ఈతకనుమ. నలభై ఆరు. రేపు పొద్దున్నే కనుమ ఎక్కుదాం."

"లోయలో చచ్చినోళ్లను ఏ గడిలో వేశారు ప్రెగడయ్యా?"

ఆ మాట అన్నవాడు రేచన. రాజధానిలో రాళ్లవాడ మనిషి, బండలు పగలగొట్టడం వృత్తి. ఒంటి మీద కవచం లేదు. చేతిలో సమ్మెట, నడుముకు ఉలి. లోయలో ఆ సమ్మెటతోనే దారి చేసుకుని కుందసానిని భుజాన వేసుకొచ్చాడు.

"చచ్చినవాళ్లకు గడి లేదు," అన్నాడు ముసలాడు.

"అదే చూస్తన్నా. ఏడేళ్ల నాడూ లేదు."

సోమన ప్రెగడ గింజలు ఊడుస్తూనే ఉన్నాడు. ఏడేళ్ల కిందట మశూచి వచ్చినప్పుడు, రాజధానిలో ఏ వాడకు గోడ కట్టి మూసెయ్యాలా అని ఇదే పలక వేశారు. రాళ్లవాడకు అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. రేచన ఊళ్లో లేని పూట వాడ మూశారు. అతని భార్య పోలమ లోపల ఉంది. నెల తరవాత గోడ పగలగొట్టినప్పుడు ఆమె శవం పక్కన వాళ్ల కూతురు, తొమ్మిదేళ్ల మైలమ బతికి ఉంది.

ఇప్పుడు ఆ మైలమ భస్మాక్షుడి చేతిలో ఉంది.

బూడిద భటులను లేపే మాంత్రికుడు భస్మాక్షుడు నాలుగు రోజుల కిందట రాళ్లవాడ మీద పడి నూట నలభై మందిని బూడిదమెట్ట కోటకు ఎత్తుకుపోయాడు. ఎల్లుండి మిట్టమధ్యాహ్నం, కోట పైకప్పు కంతలోంచి ఎండ నిట్టనిలువుగా రక్తకుండంలో పడే వేళకు వాళ్ల గొంతులు కోస్తాడు. ఆ నెత్తురుతో బూడిద పిసికితే పదివేల మంది భటులు లేస్తారు. ఆ తరవాత తెలికొండలో పలక వెయ్యడానికి ఎవరూ మిగలరు.

"కోటకు మూడో దారి లేదా?" అంది కుందసాని.

"ఏడుపుధార. ఇరవై అయిదు," అన్నాడు సోమన ప్రెగడ. "దగ్గర దారి, నీళ్లకు కొదవ లేదు. కానీ మరుగు సున్నా. తిరుగుదారి సున్నా. ఆ జలపాతం పక్కన ఎక్కినవాడు దిగినట్టు ఏ కథలోనూ లేదు తల్లీ. వరస నిండాలి కనక వేశాను గానీ."

"అయితే కనుమే," అంది ఆమె.

*

ఈతకనుమ అందమైన చోటు. పసుపుపచ్చని రాళ్ల మీద ఈతచెట్లు విసనకర్రలు పట్టిన దాసీల్లా వంగి నిలబడ్డాయి. చెట్టు చెట్టుకూ పిచ్చుక గూళ్లు జుంకీల్లా వేలాడాయి. దారి పక్కన నీలిగచ్చు పరిచినట్టు చిన్న చిన్న మడుగులు, మడుగుల నిండా తెల్లకలువలు. సైనికులు నీళ్లు తాగి ముఖాలు కడుక్కున్నారు. నలభై ఆరుకు తగ్గ దారే.

అప్పుడు ఈతచెట్ల మొదళ్లు పగిలాయి. ఒక్కో చెట్టులోంచి ముగ్గురు బూడిద భటులు దూకారు.

మొదటి అరనిమిషంలో ముందు వరస మొత్తం పోయింది. ఒకడి పేగులు అతని ఈటెకే చుట్టుకున్నాయి. ఇద్దరు అన్నదమ్ములు వీపులు ఆనించి నిలబడితే ఒకే బల్లెం ఇద్దరినీ కుట్టేసింది. కుందసాని ఒక భటుణ్ణి నడుముకు నరికింది. పైభాగం చేతుల మీద పాకుతూ వచ్చి ఆమె మడమ కొరికింది.

రేచన నరకలేదు. సమ్మెట తిరగేసి కర్రతో ఒకణ్ణి మడుగులోకి నెట్టాడు. వాడు మళ్లీ లేవలేదు. కలువల మధ్య నల్లటి బురద తేలింది.

"నీళ్లలోకి తొయ్యండి," అని అరిచాడు. "నరికితే ఉపయోగం లేదు. నీళ్లలోకి."

పడవలు నడిపే బొల్లన అనేవాడు ఆ మాట విని, చేతిలోని డాలుతో మడుగు నీళ్లు తోడి భటుల ముఖాన కొట్టాడు. ముఖాలు కరిగి కిందికి జారాయి. "మా ఆవిడ నామీద పోసినట్టే ఉంది," అన్నాడు వగరుస్తూ. మిగిలినవాళ్లూ అలాగే చేశారు. కనుమ దక్కలేదు గానీ వంద ప్రాణాలు దక్కాయి.

వెనక్కి తగ్గిన చోట సోమన ప్రెగడ ఒక చెట్టుకు ఆనుకుని ఉన్నాడు. కడుపులో బల్లెం విరిగి ఉంది. రెండు చేతులా పలకను కావిలించుకున్నాడు.

"కూడిక తప్పలేదు రేచనా," అన్నాడు. "రాత్రి మూడుసార్లు కూడి చూశాను."

"తప్పలేదు. వాడికీ అంతే వచ్చింది."

రేచన అరచెయ్యి చాపాడు. కరిగిపోయిన భటుల నాయకుడి బురదలో దొరికిన కుండపెంకు అది. పెంకు మీద గీతలు, గీతల మధ్య సున్నితమైన దస్తూరీ. లోయ, నలభై ఎనిమిది, ఆరు వందల మంది కాపలా. కనుమ, నలభై ఆరు, నాలుగు వందల మంది. ధార, ఇరవై అయిదు, ఎవరూ అక్కరలేదు.

సోమన ప్రెగడ ఆ దస్తూరీ గుర్తుపట్టాడు. ముప్పై ఏళ్ల కిందట అది తను దిద్దబెట్టిందే. అప్పుడు భస్మాక్షుడి పేరు గుండయ. పలకకు కొత్త గడి చెక్కాలని వాదించినందుకు సోమన ప్రెగడే వాడి నుదుట కాల్చి అడవులకు తరిమించాడు. వాడు శవాల బూడిదతో విద్య నేర్చాడు గానీ పాత పలకను మరిచిపోలేదు. తెలికొండవాళ్లు ఏ దారిన వస్తారో తెలుసుకోడానికి వాడికి మంత్రం అక్కరలేదు. కూడిక వస్తే చాలు.

"దాహం," అన్నాడు ముసలాడు.

రేచన దోసిట నీళ్లు తెచ్చి పోశాడు. క్షమించి కాదు. దాహం కాబట్టి. ముసలాడు మింగకుండానే పోయాడు.

రేచన అతని చేతుల్లోంచి పలక లాక్కుని, బండ మీద పెట్టి, ఉలితో చట్రం ఊడదీశాడు. వెండి హంసలు గడ్డిలో పడ్డాయి.

"ఏం చేస్తున్నావు నువ్వు?" అంది కుందసాని. ఆమె చెయ్యి కత్తి మీదికి పోయింది. "అది మా ముత్తాతది."

"ఎనభై ఏళ్లు ఎండిన చండ్ర దొరసానీ. ఇంతకంటే మంచి మేకు దొరకదు." చట్రాన్ని జానెడు జానెడు ముక్కలుగా నరుకుతూ అన్నాడు. "రాయి నెరియలో ఎండుకొయ్య మేకు దిగ్గొట్టి తడిపితే కొయ్య ఉబ్బుతుంది. ఉబ్బితే రాయి ఆగదు. ఆ కోట మా తాతలు కట్టిందే. నీటితొట్టి కోట లోపలే ఉంటది. ధార దానిలోంచే పడతది."

"ధారకు కాపలా లేదన్న మాటే ఎర అయితే?"

"అయితే అవుద్ది. ఇంకో దారి ఉందా?"

ఆమె నల్లరాతి పలక వైపు చూసింది. చట్రం లేకపోయేసరికి అది ఒట్టి బండముక్కలా ఉంది.

"ఎంతమంది కావాలి?" అంది.

*

మూడో రోజు తెల్లవారుతూండగా పన్నెండు మంది ఏడుపుధార కింద నిలబడ్డారు.

మూడు వందల బారల ఎత్తునుంచి నీళ్లు దూకుతున్నాయి. సగం దారిలో రాతి పలువరసలకు తగిలి నీరు చీలికలై, చీలికలు తుంపరలై, తుంపరలు పొగై, ఆ పొగలో తెల్లవారే ఎండ పడి ఏడు రంగుల వంతెన వేసింది. దూరాన్నుంచి చూస్తే దేవకన్య జుట్టు ఆరబెట్టుకున్నట్టు ఉంటుంది. దగ్గరికి పోతే వెయ్యి మంది ఆడవాళ్లు ఒక్కసారి ఏడ్చినట్టు వినిపిస్తుంది. కింద మడుగు ఒడ్డున తెల్లగా ఉన్నవి గులకరాళ్లు కావు, ఎముకలు.

రేచన ముందు ఎక్కాడు. ఉలితో పట్టు తవ్వుతూ, మోకు కట్టుకుంటూ. అతని వెనక కుందసాని. ఆమె వెనక అయిదుగురు సైనికులు, వాళ్ల వెనక బొల్లన, అతని కింద ఇంకో నలుగురు.

"రేచనన్నా, పైకెళ్లినాక మీ అమ్మాయిని మా తమ్ముడికిస్తావా?" అన్నాడు బొల్లన, పట్టు దొరక్క కాలు ఊపుతూ.

"మీ తమ్ముడేం చేస్తాడు?"

"ఏం చెయ్యడు. అదే వాడిలో మంచిగుణం."

అంతలో రాబందులు దిగాయి. ఈ కొండ మీద శవాలు తిని బతికే పక్షులు, కదిలే మనిషికి భయపడవు. మోకు మీద చివరి ఇద్దరి కళ్లు మొదట పోయాయి. వాళ్లు చేతులు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. అంతే, మోకు ఒక్కసారి బిగిసి, నలుగురు పట్టు తప్పారు. ఆ బరువంతా బొల్లన నడుము మీద పడింది. అతని వేళ్ల గోళ్లు ఊడి రాతి మీద నెత్తుటి గీతలు సాగాయి.

"అన్నా, మా తమ్ముడి సంబంధం వద్దులే," అన్నాడు బొల్లన. మొలలోని కత్తి తీసి, తన కింద మోకును కాదు, తన పైన మోకును కోశాడు. అతను, కింది నలుగురు, వాళ్లను పట్టుకున్న రాబందు ఒకటి, అందరూ కలిసి పొగలోకి పోయారు.

పైకి చేరేసరికి అయిదుగురు. రేచన, కుందసాని, ముగ్గురు సైనికులు. మిగిలిన ఇద్దరినీ ఎక్కడ పోగొట్టుకున్నారో చూడ్డానికి ఎవరూ ఆగలేదు.

కోట కాపలా లేకుండా ఉంది. నీటితొట్టి గోడ రేచన అనుకున్న చోటే ఉంది. ఏనుగంత బండలు పేర్చిన గోడ. ఇవతల నిండా నీళ్లు. అవతల రక్తకుండం ఉన్న మండపం. గోడ నడుమ బారెడు పొడుగున నెరియ, దాన్ని లక్కతో పూడ్చారు. నీళ్లంటే భయమున్నవాడు పూడ్చిన తీరు అది, పది పూతలు వేశాడు. రేచన లక్క గీకేసి, చండ్ర మేకులు తొమ్మిదింటిని వరసగా నిలిపి, సమ్మెటకు గుడ్డ చుట్టి దిగ్గొట్టాడు. నెరియలోకి దిగిన తొట్టి నీళ్లు మేకులను తడిపాయి.

"ఎంతసేపు పడుతుంది?" అంది కుందసాని.

"రెండు ఘడియలు పట్టొచ్చు. పూటంతా పట్టొచ్చు. రాయికి తెలియాలి."

"మధ్యాహ్నానికి ఎంత ఉంది?"

"రెండు ఘడియలు."

*

మండపం విశాలంగా, పొడిగా, చల్లగా ఉంది. పైకప్పు దూలాల నుంచి గొలుసులతో ఇనప బోనులు వేలాడుతున్నాయి. బోనుల నిండా రాళ్లవాడ జనం. నోళ్లకు గుడ్డలు కట్టి ఉన్నాయి. నేలంతా చీలమండ లోతు బూడిద. నడుమ రక్తకుండం, తామరపువ్వు ఆకారంలో తొలిచిన ఎర్రరాయి. పైకప్పు కంతలోంచి పడిన ఎండ గుండ్రటి పళ్లెంలా నేల మీద పాకుతోంది. కుండం అంచుకు ఇంకా ఆరు మూరలు.

ఎదుటి గోడ నిండా ఒక పలక. అన్నీ తెలిసిన వరసలే. లోయ, కనుమ, ధార. కానీ కుడి చివర రాజ్యంలో ఏ పలకకూ లేని గడి ఒకటి కొత్తగా చెక్కి ఉంది. దాని పైన 'కూతురు' అని రాసి ఉంది. బరువు నూరు. లోయకు సున్నా, కనుమకు సున్నా. ధార ఎదురుగా అయిదు గింజలు. మొత్తం అయిదు వందల ఇరవై అయిదు.

"ఈ గడి లేకపోతే లెక్క తప్పుతుందని ముప్పై ఏళ్ల కిందటే చెప్పాను," అంది ఒక గొంతు.

నేల లేచింది. చీలమండ లోతు బూడిద రెండు వందల మంది భటులైంది. ముగ్గురు సైనికులకు కత్తి దూసే వ్యవధి కూడా లేదు. ఒకడి దవడ ఊడి చేతికొచ్చింది, ఇద్దరిని చెరో కాలూ పట్టి చీల్చారు. కుందసానిని పదిమంది నేలకు అదిమిపెట్టారు.

కుండం వెనకనుంచి భస్మాక్షుడు వచ్చాడు. సన్నగా, నీటుగా, బడి అయ్యవారిలా ఉన్నాడు. నుదుట కాల్చిన మచ్చ. ఎడమచేత్తో మైలమ జుట్టు పట్టుకున్నాడు, కుడిచేతి కొడవలి ఆమె గొంతు మీద ఉంది. పదహారేళ్ల పిల్ల ఏడవడం లేదు. తండ్రిని చూసి ఒక్కసారి కళ్లు మూసి తెరిచింది.

"సమ్మెట కింద పెట్టు రేచనా."

పెట్టాడు.

"నీ పెళ్లాం ఉన్న వాడను మూసినప్పుడు నిన్ను ఎవరూ అడగలేదు. నేను మర్యాదస్తుణ్ణి, అడుగుతాను." ఒక భటుడు చిన్న పలక, గింజల గిన్నె తెచ్చి రేచన ముందు పెట్టాడు. "కుండంలో మొదటి గొంతు ఎవరిది? నీ కూతురిదా, రాకుమారిదా? నువ్వే పలక వేసి చెప్పు. ఎక్కువ వచ్చినవాళ్లను బతికి ఉండనిస్తాను. సంగతులు నాలుగు. వయసు, బలం, పనితనం, ఏడ్చేవాళ్లు."

ఎండ కుండం అంచుకు అయిదు మూరల దూరంలో ఉంది. గోడ అవతల చప్పుడు లేదు.

రేచన గింజల గిన్నె దగ్గరకు లాక్కున్నాడు.

"బరువులేవి?" అన్నాడు.

"ఏమిటి?"

"బరువు పెట్టకుండా గింజ వేస్తే పలక చెల్లుద్దా? నువ్వు పలక నేర్చినోడివి గదా, నేను చెప్పాలా?"

భస్మాక్షుడి ముఖం వెలిగింది. ముప్పై ఏళ్లుగా వాడితో పలక గురించి మాట్లాడినవాళ్లు లేరు. "వయసుకు రెండు," అన్నాడు. "బలానికి మూడు. పనితనానికి మూడు. ఏడ్చేవాళ్లకు... నాలుగు వేద్దాం."

"వయసు ఎక్కువైతే గింజలెక్కువా, తక్కువైతే ఎక్కువా?"

"తక్కువైతే ఎక్కువ. ఇంకా బతకాల్సింది ఉంటుంది కదా."

"మా పిల్లకు పదహారు. అయిదు." ఒక్కో గింజా వేలి కొసతో తీసి వేశాడు. "ఈవిడకు?"

"ఇరవై మూడు," అంది కుందసాని, చెంప నేలకు ఆనించి. "నాలుగు వెయ్యి. మూడు వేస్తే ఊరుకోను."

"బలం," అన్నాడు రేచన. "ఈవిడకు అయిదు వెయ్యాల్సిందే. కానీ చెవి పోయింది."

"చెవి పోతే బలం పోతుందా? పనితనంలో తగ్గించుకో," అంది ఆమె. ఆమెకు అర్థమైంది.

"పనితనం అంటే ఎవరి పనికి?" రేచన తల ఎత్తాడు. "రాజ్యానికా, నాకా, నీకా? అది తేలకుండా ఎట్టా వెయ్యను?"

భస్మాక్షుడు ఆలోచించాడు. ఎండ మూడు మూరల్లో ఉంది. "రాజ్యానికి," అన్నాడు.

"రాజ్యమే ఉండదంటివి గదా, ఈ మధ్యాహ్నం నించి."

"అయితే నాకు. నాకు వెయ్యి. తొందరగా."

గోడలో ఏదో కిర్రుమంది. రేచన గొంతు పెంచి దగ్గాడు. గింజ ఒకటి చెయ్యి జారితే బూడిదలో వెతికాడు. వెతికి, తుడిచి, గడిలో పెట్టాడు. ఏడు గడులు నిండాయి. ఎనిమిదోది మిగిలింది. మైలమ వరసలో, ఏడ్చేవాళ్లు.

ఎండ కుండం అంచు తాకింది. పైన బోనుల్లో గొలుసులు కదిలాయి.

"వెయ్యి," అన్నాడు భస్మాక్షుడు.

"గింజలు చాలవు."

"గిన్నె నిండా ఉన్నాయి."

"ఈ గడికి చాలవు అంటన్నా."

"అయిదు మించి వెయ్యకూడదు. అయిదు వేసెయ్."

"అయిదు తప్పు. తప్పు గింజ నేను వెయ్యను. నువ్వే చెప్పావు గదా, గడి లేకపోతే లెక్క తప్పుద్దని. ఇది గడికి పట్టదు."

భస్మాక్షుడు అప్పుడే కోసెయ్యాల్సింది. ఎండ కుండంలో పడింది, కొడవలి గొంతు మీద ఉంది, రెండు వందల మంది భటులు ఉన్నారు. కానీ వాడు పలక దగ్గర పెరిగినవాడు. ఎనిమిదో గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి ఉండగా పని చెయ్యడం ఆ దేశపువాళ్లకు ఎవరికీ చేతకాదు. వాడు ఆ గడి వైపు ఒక్కసారి చూశాడు.

తొమ్మిది మేకులూ ఒక్కసారి రాయిని చీల్చాయి.

గోడ నడుమ బండ పిడుగు పడ్డట్టు పగిలి మండపంలోకి వచ్చింది. దాని వెనక నీళ్లు వచ్చాయి. ముందున్న యాభై మంది భటులు నిలబడ్డచోటే బురదయ్యారు. మిగిలినవాళ్లు పరుగెత్తారు, పరుగెత్తుతూ మోకాళ్ల దాకా, నడుముల దాకా, మెడల దాకా కరిగారు. పదిమంది బరువు మీదనుంచి పోయేసరికి కుందసాని లేచి బోనుల గొలుసులు లాగే రాట్నం వైపు ఈదింది.

రేచన సమ్మెట అందుకున్నాడు. మొదటి దెబ్బ భస్మాక్షుడి మోకాలి మీద పడి, మోకాలు వెనక్కి వంగింది. వాడు మైలమ జుట్టు వదల్లేదు. ప్రవాహం ముగ్గురినీ మండపం చివర నీళ్లు బయటికి పోయే తూము నోటి వైపు ఈడ్చింది. తూము అవతల ఏడుపుధార. రేచన ఉలి తీసి వాడి మణికట్టు మీద పెట్టి సమ్మెటతో కొట్టాడు. బండ మీద కొట్టినట్టే, ఒక్కటే దెబ్బ. చెయ్యి తెగింది. తెగిన చెయ్యి మైలమ జుట్టులోనే ఉండిపోయింది.

"నాన్నా," అంది మైలమ. అదే ఆమె మొదటి మాట. నీళ్లు ఆమెను తూము నోట్లోకి లాగేశాయి.

భస్మాక్షుడు ఒంటిచేత్తో స్తంభం పట్టుకుని వేలాడుతున్నాడు. నోట్లోంచి నెత్తురు, ముక్కులోంచి బురద కారుతున్నాయి. "గడి నింపలేదు," అన్నాడు. "నింపకుండా..." రేచన సమ్మెటతో ఆ నోరు మూశాడు.

దూలాల మీదినుంచి కుందసాని అరిచింది. బోనులు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. "రేచనా, ఆగు. మోకు తెస్తాను. కింద మూడు వందల బారలు."

రేచన తూము అంచున నిలబడి చూశాడు. పొగ, పొగలో ఏడు రంగులు, వాటి నడుమ రాలిపోతున్న నల్లటి జుట్టు. మోకు వచ్చేసరికి అది కనబడదు.

ఏడుపుధారకు తిరుగుదారి గడిలో సోమన ప్రెగడ సున్నా పెట్టాడు. ఆ ఒక్క గడిలో ముసలాడు తప్పు చెయ్యలేదు. రేచన సమ్మెట వదిలేసి దూకాడు.